గోడ మీది పెరుగు పద్దు

లాల్‌దర్వాజాలో సుశీలమ్మ ఇంటి వెనకగోడను చదవగలిగిన మనిషి ఒక్కరే ఉన్నారు. ఆ ఒక్కరూ సుశీలమ్మే. ఆమెకు అక్షరం ముక్క రాదు.

ఆమె దగ్గర పాలు, పెరుగు పోయించుకునే ప్రతి ఇంటికీ ఆ గోడ మీద ఒక బొమ్మ ఉండేది. టైలర్ ఓదెలుకు కత్తెర. గుడి సేవలో ఉండే రామానుజం గారింటికి నామం. మేడమీది గదిలో అద్దెకుండే మా అమ్మకూ నాకూ కలిపి ఒక పుస్తకం. అది పుస్తకమని ఆమె చెప్పేదాకా నేను తలుపు అనుకున్నాను. బొమ్మ కింద, పోసిన రోజుకొక గీత. జాజు అనే ఎర్రమట్టి ముద్దను నీళ్లలో ముంచి చూపుడువేలితో గీసేది. బాకీ మొత్తం తీరిన రోజు తడిబట్టతో తుడిచేసేది. అంతే లెక్క. ముప్పై ఏళ్లుగా ఆ లెక్కను ఎవరూ కాదన్నది లేదు.

సుశీలమ్మకు యాభై ఎనిమిదేళ్లు. ఇంటి వెనక రేకుల కొట్టంలో మూడు బర్రెలు. వాటిలో చిన్నది నల్లపూస. సగం పాలు దానివే, ఇంటి ముచ్చట్లలో సగం కూడా దానివే. కొడుకు మురళి ఆటో నడుపుతాడు. కోడలు అమల గాజుల దుకాణంలో పనిచేస్తుంది. అమలకు శుభ్రం పిచ్చి. ఆ పిచ్చి గురించి ముందుముందు చెప్పాలి, కథంతా దానివల్లే వచ్చింది.

పెరుగు తోడుపెట్టడంలో సుశీలమ్మకు ఒక పద్ధతి ఉంది. కాగిన పాలలో చిటికెనవేలు ముంచి, పెదవులు కదుపుతూ పది లెక్కపెడుతుంది. "వేలు కాలొద్దు, వేలు మరిచిపోవద్దు" అంటుంది. ఆ పెరుగును చాకుతో కోసి ఇవ్వొచ్చు.

ఆ పెరుగు కోసమే పోయిన కార్తీకంలో నందకిశోర్ వచ్చాడు. మా వీధికి మూడు గల్లీల అవతల ఆయన టిఫిన్ సెంటర్. నలభై ఏళ్ల మనిషి, మాట తీపి, చెయ్యి గట్టి. అక్కడి పెరుగువడ కోసం జనం నిలబడి ఎదురుచూస్తారు.

"పెద్దమ్మా, రోజుకు ఎనిమిది కిలోలు కావాలె. గాని కాగితం రాసుకుందాం. పోయిన పెండ్లిళ్ల సీజన్ల ఒకడు చెప్పకుండ పెరుగు బంద్ చేసిండు. నా వడల ఇజ్జత్ పోయింది" అన్నాడు.

"రాసుకో నాయనా. నేనేమన్న పారిపోతనా? మూడు బర్రెలను తోలుకొని ఎంతదూరం పోత?" అంది సుశీలమ్మ.

నా చేతిరాత బాగుంటుందని మా అమ్మ వీధంతా చెప్పి ఉంచింది కాబట్టి, వంద రూపాయల స్టాంపు కాగితం నా ముందుకు వచ్చింది. కిలో డెబ్బై. పొద్దున ఆరులోపు చేర్చాలి. సుశీలమ్మ పెరుగు తేని రోజుకు వంద రూపాయల జరిమానా. నందకిశోర్ ప్రతి నెలా ఐదో తేదీకి డబ్బు కట్టాలి. దుకాణానికి నెలకు రెండు రోజులు సెలవు, ఆ రోజుల్లో పెరుగు వద్దు.

"మరి రోజువారీ లెక్క ఏడ రాద్దాం? నోటుబుక్కు పెట్టనా?" అన్నాడాయన.

"నోటుబుక్కు నాకేం ఎరుక? నా గోడ మీద గీస్త. నువ్వే వచ్చి చూసుకో."

నందకిశోర్ గోడను చూసి నవ్వాడు. తనకేం బొమ్మ వేస్తుందని అడిగాడు. సుశీలమ్మ అప్పటికే గుండ్రంగా ఒక ఇడ్లీ గీసేసింది. దానికి సంతోషించి, "సరే, గదే రాయి చెల్లే" అన్నాడు నాతో. నేను రాశాను: 'సుశీలమ్మ ఇంటి వెనకగోడపై ఇడ్లీ గుర్తు కింద గల గీతలే లెక్క. ఉభయులూ నెలకొకసారి చూసుకోవలెను.' ఒకరు సంతకం పెట్టారు, ఒకరు వేలిముద్ర వేశారు. నవ్వు ఆపుకోలేక నేను కలం మూత వెతుకుతున్నట్టు మంచం కిందికి వంగాను.

నవంబర్ పదమూడు నుంచి పెరుగు మొదలైంది. పొద్దున ఐదున్నరకు సుశీలమ్మ పెరుగు గంజు నెత్తిన పెట్టుకుని బయలుదేరేది. చేతిలో చిన్న చెంబుతో కాసిని పాలు. ఆ చెంబు ఎందుకో ఒకరోజు ఆమె వెంట వెళ్లినప్పుడు తెలిసింది. అక్కడి వంటమనిషి వైకుంఠం పెద్దాయన. పెరుగు తెచ్చిన మనిషిని పెదవి తడపకుండా పంపడం ఆయన దృష్టిలో తప్పు. పొయ్యి మీద చాయ్ పెడతాడు. సుశీలమ్మకేమో ప్యాకెట్ పాల చాయ్ గొంతు దిగదు. అందుకని పాలు తనవి, చక్కెర, పొడి వాళ్లవి. తాగేముందు వైకుంఠం కౌంటర్ దగ్గరికి వెళ్లి బిల్లు మిషన్ మీద ఒక మీట నొక్కేవాడు.

"బిల్లు లేకుండ మంచినీళ్లు కూడ పోవద్దన్నడు మా సేటు. అందుకే నీ పేరు మీద ఒక మీట పెట్టుకున్న, పెరుగమ్మ చాయ్ అని. ఉట్టిదే, పైసల్లేవు" అని చెప్పాడు.

"మిషన్ల నా పేరు ఎక్కిందా! ఓటరు లిస్టుల కూడ తప్పు పడ్డది" అని సుశీలమ్మ మురిసిపోయింది.

డిసెంబర్‌లో నందకిశోర్ వచ్చి గీతలు చూసుకుని పదివేలు ఇచ్చాడు. జనవరిలో వచ్చి ఇంకో పదివేలు ఇచ్చాడు. లెక్క మొత్తం తీరలేదు కాబట్టి సుశీలమ్మ ఒక్క గీతా తుడవలేదు. తరవాత రాలేదు. గుడిమల్కాపూర్ మార్కెట్ దగ్గర కొత్త దుకాణం తెరిచాడు, డబ్బంతా అక్కడ ఇరుక్కుంది. ఫోన్ చేస్తే, "నీ పైసలు ఏడికి పోతయి పెద్దమ్మా, ఫికర్ చెయ్యకు" అనేవాడు.

ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్. ఇడ్లీ కింద గీతలు కిటికీ దాటి, పైపును దాటి, మూలదాకా వెళ్లాయి. "అత్తమ్మా, పెరుగు ఆపెయ్యరాదు?" అని అమల రోజూ పోరేది.

"పెరుగు ఆపితే దుకాణం ఆగుతది. ఆగిన దుకాణం పైసలు ఎట్లిస్తది?" అనేది సుశీలమ్మ. నేను ఎంత ఆలోచించినా ఆ మాటలో తప్పు పట్టలేకపోయాను.

మే చివర్లో దాణా సేటు వచ్చాడు. తవుడు, పత్తిచెక్క అరువిచ్చేది ఆయనే. ఆయనకు అరవై వేలు ఇవ్వాలి. "అమ్మా, బోనాల దాక చూస్త. అప్పటికి రాకుంటే నల్లపూసను తోలుకపోత. నేను కూడ బతకాలె కద" అని నెమ్మదిగానే చెప్పాడు. నెమ్మదిగా చెప్పాడు కాబట్టే సుశీలమ్మకు భయమేసింది. మర్నాటి నుంచి నందకిశోర్‌కు పెరుగు ఆపేసింది. ఆ సాయంత్రం నల్లపూస మెడ కింద గోకుతూ చాలాసేపు కొట్టంలోనే కూర్చుంది.

ఉచితంగా రాజీ కుదిర్చే న్యాయసేవా కేంద్రానికి నేనే దరఖాస్తు రాశాను. బోనాలకు ముందు గురువారం రమ్మని ఇద్దరికీ కబురు వచ్చింది. మా దగ్గర కాగితం ఉంది. కాగితంలో గోడ ఉంది. గోడ మీద నూట ఎనభై ఏడు గీతలున్నాయి. ఇంకేం కావాలి?

బోనాలకు రెండు వారాల ముందు ఒక ఆదివారం, సుశీలమ్మ బంధువులింటికి వెళ్లి సాయంత్రం తిరిగొచ్చింది. అమల గుమ్మంలోనే ఎదురై, "అత్తమ్మా, కండ్లు మూసుకో" అని చెయ్యి పట్టుకుని వెనక్కి తీసుకెళ్లింది. మెట్ల మీద కూర్చుని చదువుకుంటున్న నేను తల ఎత్తాను. పొద్దుటి నుంచి లైబ్రరీలో ఉండి అప్పుడే వచ్చానేమో, గోడను నేను కూడా చూడలేదు.

"ఇగ తెరువు!"

గోడ చిలకాకుపచ్చగా మెరిసిపోతోంది. పండగకు మొగుడూ పెళ్లాం కలిసి గోడను కడిగి, రుద్ది, రెండు కోట్లు వేశారు. ఒక్క మరక లేదు.

సుశీలమ్మ గోడను ఈ చివర నుంచి ఆ చివరదాకా చూసింది. తరవాత మెల్లగా అడిగింది. "మంచిగున్నది బిడ్డా. ఇడ్లీ ఏడికి వాయె?"

అమల నోటి మీద చెయ్యి పెట్టుకుంది. మురళి చేతిలోని బ్రష్షు వైపు చూసుకున్నాడు, తప్పంతా బ్రష్షుదే అన్నట్టు. అమల ఏడుపు అందుకుంటే సుశీలమ్మే ఊరుకోబెట్టింది. "ఏడ్వకు. గోడకు స్నానం పోసినవ్, పాపమేం చెయ్యలే. కొంచెం గీకి చూద్దాం."

గీకడం మొదలైంది. మురళి చాకుతో, అమల గరిటెతో, నేను నా స్కేలుతో. పచ్చరంగు ఊడింది. కింద ఇడ్లీ లేదు, కడిగినప్పుడే జాజంతా నీళ్లలో కలిసిపోయింది. కానీ ఇంకా లోతుకు పోతే పాత సున్నం పొర, దాని కింద ఎప్పటివో గీతలు. ఏ సంవత్సరానికా సంవత్సరం సున్నం కింద భద్రంగా ఉన్నాయి.

చప్పుడు విని టైలర్ ఓదెలు గోడ మీదుగా తొంగిచూశాడు. "గిదేంది, నా కత్తెర లెక్క కనిపిస్తున్నది?"

"నీదే. నీ పెండ్లినాటిది. మీ అత్తగారోళ్లు తాగిన మజ్జిగకు పోసిన పెరుగు. నాలుగు కిలోలు."

"పదహారేండ్లాయె గదమ్మా!"

"పెరుగుకు ఏండ్లు లెక్కుండవు నాయనా. తిన్నరా, తినలేదా?"

ఓదెలు లోపలికి వెళ్లి డబ్బు తెచ్చి, అందరి ముందూ చేతిలో పెట్టాడు. "తుడిచెయ్యి, మా ఆవిడ చూస్తే నన్ను ఎక్కిరిస్తది." వార్త గల్లీలో పాకింది. తమ బొమ్మ ఎక్కడ బయటపడుతుందోనని ఒక్కొక్కరే వచ్చి గోడను అనుమానంగా చూసిపోయారు. చీకటిపడే వేళకు పదకొండు వందల ముప్పై రూపాయల పాత బాకీ వసూలైంది. సుశీలమ్మ నవ్వుతూనే ఉంది గానీ, మాటిమాటికీ కొట్టం వైపు చూస్తోంది.

నందకిశోర్‌కు కూడా వార్త చేరింది. రెండో రోజే వచ్చాడు.

"పెద్దమ్మా, రంగు మస్తు మెరుస్తున్నది! గాని మరి లెక్క ఏది? కాగితంల గోడ మీది గీతలే లెక్క అని ఉన్నది. గీతలు లేవు. నాకు యాదికున్నంత వరకు నలభై దినాలు పోసినవ్. ఇరవై రెండు వేల నాలుగు వందలు. ఇరవై వేలు ఇచ్చిన. ఇగో, రెండువేల నాలుగు వందలు ఇప్పుడే తీసుకో."

"నలభై దినాలా నాయనా?" అంది సుశీలమ్మ. ఆయన చేతిలోని నోట్లు ముట్టుకోలేదు. "నువ్వు బోనాల ముందటి గురువారం రాజీ కేంద్రానికి రా. ఆడ మాట్లాడుకుందాం."

ఆయన వెళ్లాక నేను ధైర్యం చేసి అడిగాను. "వైకుంఠం పెద్దాయన రోజూ చూశాడు కదమ్మా. ఆయన్ను సాక్ష్యం చెప్పమందామా?"

"చెప్తే ఆయన నౌకరి పోతది బిడ్డా. నా బర్రె కోసం ఇంకొకల్ల పొయ్యి ఆర్పుతనా?"

గురువారం నాడు సుశీలమ్మ బోనాల కోసం దాచుకున్న పసుపు చీర కట్టుకుంది. రాసింది నేనే కాబట్టి నన్ను కూడా రమ్మంది. కొత్తవాళ్ల ముందు నాకు గొంతు పెగలదు. అందుకని చెప్పాల్సినవన్నీ ఒక కాగితం మీద రాసుకుని వెళ్లాను.

చిన్న గది. మధ్యవర్తి లావణ్య మేడమ్ యాభై దాటిన మనిషి, ముక్కు చివర కళ్లద్దాలు. ఎదురుగా నందకిశోర్, ఆయన వెనక తలవంచుకుని వైకుంఠం. ఆయన్ను ఎందుకు తెచ్చాడో అర్థం కాలేదు. సుశీలమ్మ మాత్రం, "బాగున్నవా అన్నా? మోకాలు నొప్పి తగ్గిందా?" అని పలకరించింది.

మేడమ్ మా కాగితం చదివి, గోడ దగ్గర ఆగి, మళ్లీ చదివారు. "గోడ ఎలా ఉందిప్పుడు?"

"పచ్చగున్నది మేడమ్" అన్నాడు నందకిశోర్.

నేను నా కాగితం తీశాను. తొందరలో అది చేజారి బల్ల కిందికి పోయింది.

"వేరే రుజువు ఏమైనా ఉందా అమ్మా?" అని మేడమ్ సుశీలమ్మను అడిగారు.

"నా నోరున్నది. ఆయన మనసున్నది."

"మనసును ఫైలులో పెట్టలేం కదమ్మా." మేడమ్ మర్యాదగానే అన్నారు, కానీ నందకిశోర్ ముఖం వెలిగిపోయింది. అక్కడ ఊరుకుంటే ఆయన రెండువేల నాలుగు వందలతో బయటపడేవాడు. ఊరుకోలేదు.

"ఇంకో ముచ్చట మేడమ్. లెక్కంటే లెక్కనే. నిన్న మిషన్ల ఉట్టి చాయ్‌ల రిపోర్టు తీస్తే నాకు కండ్లు తిరిగినయ్. గీ పెద్దమ్మ నా దుకాణంల నూట ఎనభై ఏడు చాయ్‌లు తాగింది. గీయన నన్ను అడగకుండనే ఇచ్చిండు, గందుకే పట్టుకొచ్చిన. చెప్పు వైకుంఠం, ఇచ్చినవా లేదా?"

"ఇచ్చిన సేటూ" అన్నాడు వైకుంఠం నేలచూపులతో.

"చాయ్ పదిహేను. మొత్తం రెండువేల ఎనిమిది వందల ఐదు. నేను ఇచ్చేది పోను, ఈమెనే నాకు నాలుగు వందల ఐదు రూపాయలు బాకీ!" అంటూ చొక్కా జేబులోంచి చుట్ట చుట్టిన బిల్లు కాగితం తీసి బల్ల మీద పరిచాడు. అది బల్ల దాటి కిందికి వేలాడింది.

మేడమ్ కళ్లద్దాలు పైకి తోసుకుని చదవసాగారు. "పెరుగమ్మ చాయ్. నవంబర్ పదమూడు, పొద్దున ఐదూ నలభై రెండు. నవంబర్ పద్నాలుగు, ఐదూ నలభై..." వేలితో చివరిదాకా వెళ్లారు. "మే ముప్పై ఒకటి, ఐదూ ముప్పై తొమ్మిది. నందకిశోర్ గారూ, రోజూ ఇంత పొద్దున ఈవిడ మీ చాయ్ కోసం వచ్చేదా?"

"చాయ్ కోసమెందుకు మేడమ్, పెరుగు పోసినంక పోతపోత..." అన్నాడు నందకిశోర్. అని, ఆగాడు.

మేడమ్ బిల్లు మీంచి తలెత్తారు.

"ఊఁ, పోసినంక?" అన్నారు మేడమ్.

"అంటే... కొన్ని దినాలు పెరుగు తేలే. ఒట్టిగ చాయ్ తాగి పోయింది."

సుశీలమ్మ కుర్చీలో ముందుకు జరిగింది. "ఇంట్ల మూడు బర్రెలు పెట్టుకొని, నీ ప్యాకెట్ పాల చాయ్ కోసం తెల్లారకముందే మూడు గల్లీలు నడిచొస్తనా నాయనా? నాకేమన్న గాలి సోకిందా?"

వైకుంఠం ఫక్కున నవ్వాడు. వెంటనే దగ్గుగా మార్చుకున్నాడు. మేడమ్ మా కాగితాన్ని మళ్లీ అందుకున్నారు. "పెరుగు తేని రోజుకు వంద జరిమానా అని మీరే రాయించుకున్నారు. ఎన్నిసార్లు వసూలు చేశారు?"

"ఒక్కసారి కూడ లేదు మేడమ్." ఆయన తన బిల్లు వైపు చూశాడు. తను తెచ్చిన కాగితమే తనను చూసి నవ్వుతున్నట్టుంది పాపం. కాసేపటికి ఆయనకే నవ్వొచ్చింది. "సరే మేడమ్. పోసింది. అన్ని దినాలు పోసింది. కొత్త దుకాణంల చేతులు కాలినయి, అందుకే గట్ల మాట్లాడిన. గాని చాయ్ పైసలు మాత్రం కట్ చెయ్యాలె."

"ఆ చాయ్‌ల పాలు ఆమెయే సేటూ. చెంబుల తెచ్చుకునేది. మనది పొడి, చక్కెర అంతే" అన్నాడు వైకుంఠం. ఈసారి తలెత్తే అన్నాడు.

"నేను అడగకుండనే వచ్చిన చాయ్ మేడమ్, గాని తాగిన. తాగినదానికి ఇస్త. పొడి, చక్కెరకు ఎంతైతదో మీరే చెప్పుండ్రి" అంది సుశీలమ్మ.

చాయ్‌కి ఐదు రూపాయలని మేడమ్ తీర్పు చెప్పారు. నేను బల్ల కింది నుంచి నా కాగితం తీసుకుని, దాని వెనక లెక్క వేశాను. నూట ఎనభై ఏడు రోజుల పెరుగు లక్షా నాలుగువేల ఏడు వందల ఇరవై. ఇచ్చిన ఇరవై వేలు, చాయ్ పొడి చక్కెర తొమ్మిది వందల ముప్పై ఐదు పోను, ఎనభై మూడువేల ఏడు వందల ఎనభై ఐదు. ఆ అంకెను గట్టిగా చదివి వినిపించమన్నారు మేడమ్. చదివాను, గొంతు పలికింది. శనివారానికి అరవై వేలు, మిగిలింది రెండు వాయిదాల్లో. ఇద్దరూ ఒప్పుకున్నారు. వైకుంఠాన్ని పనిలోంచి తీయనని కూడా రాయమంది సుశీలమ్మ. "రాయకున్నా తియ్య పెద్దమ్మా. ఆయన పోతే దుకాణంల నాకే చాయ్ పెట్టేటోడు లేడు" అన్నాడు నందకిశోర్.

బయట మెట్ల దగ్గర ఆయన చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు. "పెద్దమ్మా, పెరుగు మల్ల ఎప్పటి నుంచి తెస్తవ్? నెలన్నర సంది వడలు ఎవ్వరు ముడ్తలేరు."

"శనివారం పైసలు తే. సోమవారం పెరుగు తెస్త. గాని కొత్త కాగితం కావాలె."

"లెక్క ఏడ రాద్దాం?"

"నీ మిషన్లనే. రోజుకొక చాయ్. పాలు నావి."

నందకిశోర్ చేతులెత్తి దండం పెట్టేశాడు.

శనివారం మధ్యాహ్నమే అరవై వేలు వచ్చాయి. దాణా సేటు ఆ డబ్బు తీసుకుంటూ, ఇంకో రెండు బస్తాల తవుడు అరువు దింపి పోయాడు. ఆదివారం నల్లపూసను కడిగి, పసుపు రాసి, కొమ్ములకు కుంకుమ పెట్టారు. సుశీలమ్మ తన పెరుగు కలిపిన అన్నం బోనం కుండలో పెట్టుకుని, వేపాకు చుట్టి, నెత్తిన పెట్టుకుని డప్పుల వెంట మహంకాళి గుడికి కదిలింది. పక్కన అమల ఇంకో కుండతో. ఎనిమిది నెలల క్రితం మూడు గల్లీలు మోయడం మొదలుపెట్టిన మనిషి కదా, గుంపులో అందరి కుండలూ ఊగినా ఆమెది మాత్రం కదల్లేదు.

మర్నాడు పొద్దున నేను మెట్లు దిగుతుంటే వెనకనుంచి అమల కేక వినిపించింది.

"అత్తమ్మా! ఏందిది?"

వెళ్లి చూశాను. గీకిన చోట మళ్లీ వేసిన పచ్చరంగు ఇంకా ఆరనే లేదు. కింది మూలన, పైపు చాటున, ఎవరికీ కనపడకూడదన్నంత చిన్నగా, ఎర్రటి ఇడ్లీ. దాని కింద ఒక గీత.

సుశీలమ్మ ఖాళీ గంజుతో అప్పుడే గల్లీలోంచి వస్తోంది. జాజు అంటిన వేలిని కొంగుకు తుడుచుకుంది.

"మిషన్ కరాబైతే ఎట్ల బిడ్డా?" అంది.